మన ఇందూరు రైలు దారులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా 2025 డిసెంబరు 17న జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పది రోజుల కింద ఫోను చేసి, "కరువు భత్యం బకాయిల మీద నలుగురు మాట్లాడతారు, వైద్య ఖర్చుల బిల్లుల మీద ఇద్దరు మాట్లాడతారు, మీరు మాత్రం వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. ఏం చెప్పాలని రెండు రోజులు ఆలోచించాను. మా మనుమడు "తాతా, నువ్వు ఎప్పుడూ రైలు గురించే చెప్తావు గదా, అదే చెప్పు" అన్నాడు. అందుచేత రైలు గురించే మాట్లాడుతున్నాను. నేను రైల్వే ఉద్యోగిని కాను, రెవెన్యూ గుమాస్తాను. కాని నా చిన్నతనమంతా ఒక రైలు లైను పక్కన గడిచింది, నా సర్వీసు చివరి ఏళ్లు ఇంకో రైలు లైను కాగితాల మీద గడిచాయి. ఆ రెండో దానిలో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. దానిని ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు చెప్పుకుందామని వచ్చాను.

ముందుగా బోధన్ సంగతి. మా నాన్నగారు శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కార్మికులు. సీజన్ కార్మికుడంటే ఏమిటో ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. చెరకు గానుగాడే నెలలు, అంటే చలికాలం మొదలుకొని ఎండలు ముదిరే దాకా, పూర్తి జీతం. తక్కిన నెలలు పని లేదు, చేతికి వచ్చేది కొద్దిపాటి భత్యం. అందుకే మా ఇంట్లో సంవత్సరం ఉగాదితో మొదలయ్యేది కాదు. ఫ్యాక్టరీ సైరన్‌తో మొదలయ్యేది. సైరన్ మోగి పొగగొట్టం నుంచి పొగ లేస్తే, మా అమ్మ కిరాణా కొట్టులో ఖాతా మళ్లీ తెరిచేది. ఊరంతా మొలాసిస్ వాసన. బయటి నుంచి వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం అది జీతం వాసన.

ఆ ఫ్యాక్టరీ ఊరికే పుట్టలేదు. 1923లో మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు పని మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారు దాని ఇంజనీరు. కాలువల్లో నీళ్లు పారిన తరువాత చెరకు వచ్చింది. చెరకు వచ్చిన తరువాత 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒక కాలంలో ఆసియా ఖండంలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు పొందింది. దానితోనే జానకంపేట నుంచి బోధన్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల చిన్న రైలు శాఖకు చేతినిండా పని దొరికింది.

ఈ వరుస గమనించవలసిందిగా మనవి. నీళ్లు, చెరకు, మిల్లు, రైలు. దీనికి కారణం ఉంది. చెరకు కోసిన తరువాత నిలువ ఉండదు. ఒక రోజు ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. వంద కిలోల చెరకు ఆడితే వచ్చే చక్కెర పది కిలోలు, అటూ ఇటుగా. తొంభై కిలోల పిప్పినీ నీళ్లనూ దూరం మోసుకుపోయే వెర్రివాడు ఎవడుంటాడు? అందుచేత మిల్లు చేను దగ్గరికి రావాలి. చెరకు ఎడ్ల బండ్ల మీద వస్తుంది. చక్కెర అలా కాదు, బస్తాకెత్తితే దేశమంతా తిరుగుతుంది. అప్పుడు మిల్లు దగ్గరికి రైలు రావాలి. చెరకు దగ్గరి సరుకు, చక్కెర దూరపు సరుకు. మా చిన్నతనంలో ఒక పక్క బండ్ల బారులు, రాత్రంతా ఎడ్ల మెడ గంటలు, బండి కింద పడుకున్న రైతులు. ఇంకో పక్క గూడ్సు పెట్టెల్లోకి బస్తాలు మోసే హమాలీలు. ఈ రెండింటికీ మధ్యలో మా నాన్నగారి ఉద్యోగం.

ఇక పెద్ద లైను. మనం ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి నాందేడ్ వైపు పోయే ఈ దారిని హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే అనేవారు. హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా 391 మైళ్లు. 1899–1901 ప్రాంతంలో, దేశంలో పెద్ద కరువు నడిచిన రోజుల్లోనే, ఈ లైను తయారైంది. దీనిని నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ నడిపింది. 1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను తానే కొనుక్కున్నది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దాని కిందికి వచ్చింది.

ఈ లైనులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం డిచ్‌పల్లి నుంచి కామారెడ్డి దాకా. డిచ్‌పల్లి దాటగానే ఇందల్వాయి, తరువాత సిర్నాపల్లి, ఉప్పల్‌వాయి. అడవి, గుట్టలు, వానాకాలంలో వాగులు. నిజామాబాద్ పట్టణం సముద్రమట్టానికి 400 మీటర్లకు కొంచెం లోపే ఉంటుంది. కామారెడ్డి 500 మీటర్లు దాటి ఉంటుంది. అంటే సుమారు యాభై కిలోమీటర్లలో రైలు వంద మీటర్ల పైచిలుకు ఎక్కాలి. హిమాలయాల లెక్కలో ఇది ఏమీ కాదు. కాని రైలు చక్రం ఇనుముది, పట్టా ఇనుముది. ఎడ్ల బండికి చిన్నగా కనిపించే ఎక్కుడు రైలుకు పెద్ద కొండ. ఒక మార్గంలో గూడ్సు బండికి ఎన్ని పెట్టెలు తగిలించాలన్నది ఆ మార్గంలో అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోటు నిర్ణయిస్తుంది. నూరు మైళ్లు చదునుగా ఉండి రెండు మైళ్లు ఎక్కుడుంటే, ఆ రెండు మైళ్లకు సరిపోయే బరువే వేయాలి. కామారెడ్డి వైపు పోయే బండి బొగ్గు ఇంజనుతో ఆ గుట్టల్లో ఎట్లా ఆయాసపడేదో మనలో డెబ్బై దాటిన వారందరికీ గుర్తుండే ఉంటుంది. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో నలుసు పడేది, అమ్మ చీర కొంగుతో ఊది తీసేది.

ఈ లైను సిర్నాపల్లి మీదుగా రావడానికి ఆ సంస్థానాన్ని ఏలిన రాణి శీలం జానకీబాయి గారే కారణమని, జానకంపేటకు ఆమె పేరే వచ్చిందని మన పెద్దలు చెప్పుకునేవారు. సిర్నాపల్లి దగ్గరి జలపాతాన్ని ఇప్పటికీ ఆమె పేరుతో పిలుస్తారు. ఊరి మీదుగా లైను రావాలని కోరుకోవడం అప్పటి నుంచే ఉన్నదన్న మాట.

అయితే ఈ లైనుకు ఒక చిక్కు ఉండేది. ఇది మీటర్ గేజి. పట్టాల మధ్య వెడల్పు సరిగ్గా ఒక మీటరు. దేశంలో ముఖ్యమైన లైన్లు బ్రాడ్ గేజి, 1,676 మిల్లీమీటర్లు. మన పెట్టె ఆ పట్టాల మీద నడవదు, వాళ్ల పెట్టె మన పట్టాల మీద నడవదు. బోధన్‌లో ఎక్కిన చక్కెర బస్తా బ్రాడ్ గేజి ఊరికి పోవాలంటే ఒక దిక్కు సికింద్రాబాద్‌లోనో, ఇంకో దిక్కు మన్మాడ్‌లోనో ఒక పెట్టెలోంచి దింపి ఇంకో పెట్టెలోకి ఎక్కించాలి. కూలి ఖర్చు, రోజుల ఆలస్యం, చిరిగిన బస్తాలు, కారిన చక్కెర. మనుషులకూ అంతే. కాచిగూడ నుంచి అజంతా ఎక్స్‌ప్రెస్‌లో మన్మాడ్ దాకా పోయి, అక్కడ పెట్టే బేడా నెత్తిన పెట్టుకుని బొంబాయి బండి కోసం పరుగెత్తిన వారు ఈ సభలోనే పది మంది ఉంటారు. 2000 దశకం మొదటి సగంలో మన దారి బ్రాడ్ గేజిగా మారింది. ఆ తరువాత నిజామాబాద్‌లో ఎక్కినవాడు దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుని ముంబయిలో లేచే రోజులు వచ్చాయి. మా చిన్న ఇంజను మాత్రం పోయింది. దాని కూత వేరు, చెవికి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అది పెద్దపల్లి–నిజామాబాద్ లైను.

మన ఉత్తర తెలంగాణలో రెండు పరిశ్రమల ప్రాంతాలు ఉండేవి. తూర్పున గోదావరిఖని బొగ్గు గనులు, రామగుండం విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం, బసంత్‌నగర్ సిమెంటు. పడమట నిజామాబాద్, బోధన్: చక్కెర, పసుపు, వరి. ఈ రెండింటికీ మధ్య నేరుగా రైలు లేదు. నిజామాబాద్ నుంచి రామగుండం రైలులో పోవాలంటే సికింద్రాబాద్ పోయి, అక్కడి నుంచి కాజీపేట పోయి, మళ్లీ పైకి రావాలి. 350 కిలోమీటర్ల పైమాటే. ఇంటి వెనుక ఉన్న బావికి ఊరంతా చుట్టి పోయినట్టు. పెద్దపల్లి, కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, మోర్తాడ్, ఆర్మూర్ మీదుగా వేస్తే 177 కిలోమీటర్లు.

1993లో ప్రధాని పి.వి. నరసింహారావు గారు దీనికి శంకుస్థాపన చేశారు. ఆయన ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగర వారు కనుక ఈ ప్రాంతం మ్యాపు ఆయనకు ఎవరూ చూపించనవసరం లేదు. ఆ రోజు మా కార్యాలయంలో మిఠాయి పంచుకున్నాం. నాకప్పుడు నలభై నాలుగేళ్లు. ఐదారేళ్లలో రైలెక్కుతామనుకున్నాను. ఆ తరువాత ప్రతి ఫిబ్రవరిలో రైల్వే బడ్జెట్ నాడు సెక్షన్‌లో పని ఆగేది. రేడియో చుట్టూ చేరేవాళ్లం. మన లైనుకు ఎంత ఇచ్చారు? ప్రతిసారీ ఎంతో కొంత ఉండేది, ప్రతిసారీ అది చాలేది కాదు. లైను ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముందు కరీంనగర్ దాకా, తరువాత జగిత్యాల దాకా, ఆ తరువాత మోర్తాడ్. చివరి ముక్క నిజామాబాద్‌తో కలిసింది 2017 మార్చిలో. 1993 నుంచి లెక్కపెడితే ఇరవై నాలుగేళ్లు. తమాషా ఏమిటంటే, ప్రత్యేక రైల్వే బడ్జెట్ అన్నదే రద్దయి సాధారణ బడ్జెట్‌లో కలిసిన మొదటి సంవత్సరం కూడా 2017. మేము చెవి ఒగ్గి విన్న ఆ రేడియో ప్రసంగమూ ముగిసింది, మా లైనూ ముగిసింది.

ఈ ఇరవై నాలుగేళ్లలో నా వాటా ఒకటి ఉంది. పదవీ విరమణకు ముందు కొన్నేళ్లు నేను ఈ లైను భూసేకరణ పనిలో సీనియర్ అసిస్టెంట్‌గా ఉన్నాను. ఏ కార్యాలయం, ఏ అధికారి అన్నది అవసరం లేదు. అప్పటికి 1894 నాటి భూసేకరణ చట్టం. మన రెవెన్యూ సోదరులకు నోటికి వచ్చిన పాఠమే: నాలుగో సెక్షన్ ప్రకటన, ఐదు-ఏ విచారణ, ఆరో సెక్షన్ డిక్లరేషన్, తొమ్మిది, పది నోటీసులు, పదకొండో సెక్షన్ అవార్డు. డిక్లరేషన్ అయిన రెండేళ్లలో అవార్డు కాకపోతే మొత్తం ప్రక్రియ రద్దయి మొదటికి వస్తుంది. అందుచేత పై నుంచి ఒకటే మాట: గడువు, గడువు. పహాణీ చూడు, టిప్పన్‌తో సరిపోల్చు, వారసుల పేర్లు రాయి, మార్కెట్ విలువ వేయి, దాని మీద 30 శాతం సొలేషియం, 12 శాతం అదనపు విలువ కలుపు, సంతకాలు తీసుకో. ఆ పని బాగా చేశానని నాకు పేరు. నా ఫైళ్లు ఏవీ గడువు దాటలేదు.

ఆర్మూర్ వైపు ఒక పల్లె. ఊరి పేరు చెప్పను. అక్కడ ఒక పసుపు రైతు. ఎకరం కన్నా తక్కువ భూమి లైనులోకి పోయింది. పెద్ద వయసు, తెల్ల తలపాగా, ఎప్పుడొచ్చినా చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చేవాడు. "పటేలా, చెప్పులు విడవాల్సిన పని లేదు" అంటే నవ్వేవాడు. డబ్బు గురించి ఎప్పుడూ గట్టిగా అడగలేదు. ఆయన అడిగేది ఒక్కటే, "సారూ, రైలు ఎప్పుడొస్తది? మా పోరడు బొంబాయిల ఉన్నడు. రైలొస్తే ఆర్మూర్ల దిగి నడిచే ఇంటికొస్తడు."

ఆయన భూమి స్కెచ్చు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. చేను మధ్యగా లైను పోతుంది. ఇటు పక్క బావి, ఒక చిన్న ముక్క. అటు పక్క రెండెకరాల పైన చేను. బావి లైనులో పడలేదు కనుక బావికి పరిహారం లేదు. నేను నోట్‌లో "బావి ప్రతిపాదిత హద్దులకు వెలుపల ఉన్నది" అని రాశాను. అది నిజమే. అటు పక్క చేనూ హద్దులకు వెలుపలే. అదీ నిజమే. కాని బావిలోని నీళ్లు చేనుకు ఎట్లా పోతాయి? మధ్యలో రైలు కట్ట లేస్తుంది. పట్టాల కింద నుంచి పైపు వేయాలంటే రైల్వే అనుమతి కావాలి, దానికి డబ్బు కట్టాలి, కాగితాలు పట్టుకుని తిరగాలి. పసుపు తొమ్మిది నెలల పంట. నీళ్లు లేని పసుపు లేదు.

దీనికి చట్టంలో దారి లేకపోలేదు. ఇరవై మూడో సెక్షన్‌లో పరిహారం లెక్కించేటప్పుడు చూడవలసిన అంశాల్లో మూడోది ఇదే. ఒకరి భూమిలో కొంత తీసుకోవడం వల్ల మిగిలిన భూమి నుంచి అది విడిపోయి నష్టం కలిగితే, ఆ నష్టమూ లెక్కలోకి రావాలి. నాకు ఆ క్లాజు తెలుసు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలో రాశాను కూడా. తొమ్మిదో సెక్షన్ నోటీసు కింద రైతు తన క్లెయిము రాసి ఇవ్వాలి. ఆయన రాసి ఇవ్వలేదు. "అభ్యంతరం లేదు" అన్న కాగితం మీద వేలిముద్ర వేశాడు. "గీ కాగితంల ఏమున్నది సారూ?" అని అడిగాడు. "రైలు తొందరగా రావడానికి" అని చెప్పాను.

అప్పుడు నేను, "పటేలా, నీ బావి ఇటు, నీ చేను అటు పడుతున్నది, దానికి కూడా రాసి అడుగు" అంటే సరిపోయేది. రెండు నిమిషాల మాట. అంటే ఏమవుతుంది? ఆయన క్లెయిము వేస్తాడు, సర్వేయరును మళ్లీ పంపాలి, నష్టం అంచనా వేయాలి, పక్క రైతులూ అడుగుతారు, ఫైలు రెండు నెలలు వెనక్కు పోతుంది. గడువు దాటుతుందేమోనని భయం. అడగలేదు గనుక ఇవ్వలేదు, అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అవార్డు అయింది. పై అధికారి నన్ను మెచ్చుకున్నారు. 2007లో పూలదండ, శాలువాతో పదవీ విరమణ చేశాను.

ఆ తరువాత జరిగినవి మీకందరికీ తెలిసినవే. బోధన్ ఫ్యాక్టరీ 2002లోనే ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి, మూడు చోట్లా లే-ఆఫ్ ప్రకటించారు. సైరన్ ఆగింది. సరిగ్గా పదిహేను నెలలకు, 2017 మార్చిలో, మన కొత్త లైను పూర్తయింది. మెట్‌పల్లికి రైలు వచ్చే నాటికి మెట్‌పల్లి చక్కెర లేదు. నిజామాబాద్ నుంచి నేరుగా బొగ్గు గనుల దాకా పట్టాలు పడే నాటికి బోధన్ బాయిలరుకు బొగ్గుతో పని లేదు. మా నాన్నగారి కాలంలో నీళ్లు, చెరకు, మిల్లు, రైలు అన్న వరుస. మా కాలంలో రైలు వచ్చేసరికి మిల్లు లేదు, మిల్లు లేదు గనుక చెరకు వేసే రైతు తగ్గిపోయాడు. ఒక పెళ్లికి పల్లకి ఇరవై నాలుగేళ్లు చెక్కి, తెచ్చేసరికి పెళ్లివారు వెళ్లిపోయినట్టు అయింది.

2018లో నా శ్రీమతితో కొండగట్టు అంజన్న దర్శనానికని ఆ లైనులో మొదటిసారి ఎక్కాను. నిజామాబాద్ దాటి ఆర్మూర్ దగ్గరికి వస్తుంటే నల్లని బండరాళ్ల గుట్టలు. నవనాథుల గుట్టను చూసి ఆమె చేతులు జోడించింది. నేను మాత్రం అవతలి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. సర్వే నంబర్లు కంఠస్థమైన మనిషిని కదా, ఆ చేను ఎక్కడ వస్తుందో తెలుసు. వచ్చింది. ఇటు పక్క బావి, దాని చుట్టూ తుమ్మ చెట్లు మొలిచాయి. అటు పక్క చేనులో ఎండిన మక్క కొయ్యలు. చుట్టుపక్కల చేలలో పచ్చని పసుపు. మొత్తం చూసింది ఐదారు క్షణాలు. ఆమె "ఏమైంది?" అన్నది. "ఏమీ లేదు, కంట్లో నలుసు" అన్నాను. అది డీజిల్ బండి, నలుసులు పడే రోజులు పోయాయని ఆమెకూ తెలుసు.

నెల తరువాత ఆ ఊరికి పోయాను. పెద్దాయన అప్పటికి మూడేళ్ల కిందే పోయారు. రైలు చూడలేదు. కొడుకు బొంబాయి వదిలి వచ్చి ఇంటి దగ్గరే ఉన్నాడు. నేను ఎవరినో చెప్పాను. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను తెలిసిన చట్టమంతా చెప్పాను. అవార్డు మీద కోర్టుకు పంపమని అడిగే గడువు ఎప్పుడో దాటిపోయిందని, 1894 చట్టమే 2014 జనవరి నుంచి పోయి కొత్త చట్టం వచ్చిందని, చేయగలిగింది పైపు అనుమతి కోసం దరఖాస్తు ఒక్కటేనని చెప్పాను. అతను అంతా విని, "మీరు గప్పుడే చెప్తే మా నాయిన అడుగుతుండె సార్" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు జవాబు దొరకలేదు. పైపు దరఖాస్తు మాత్రం నేనే రాసి, స్కెచ్చు గీసి ఇచ్చాను. అదైనా పదేళ్ల ముందు చేయవలసిన పని.

మిత్రులారా, ఇదంతా విని ఈ లైను అనవసరమని నేను అంటున్నానని అనుకోవద్దు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి ప్రాంతంలో కురిసిన కుండపోత వానలకు భిక్నూర్, తలమడ్ల మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. పాత దారి మూతపడింది. అప్పుడు కొన్ని బండ్లను పెద్దపల్లి, నిజామాబాద్ మీదుగా మళ్లించారు. ఈ కొత్త లైను లేకపోతే ఆ రోజుల్లో రైలులో హైదరాబాద్‌కు పోవడం మనకు ఇంకా కష్టమయ్యేది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ తెల్ల తలపాగా. ఆ బండ్లు నడిచింది ఆయన చేను మీదుగానే. అందులో కూర్చున్న వేల మందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

ఇంకో మాట. మూతపడిన ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకోదని నిరాశ పడనవసరం లేదు. ఈ లైను అవతలి కొసన రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. బొగ్గుతో నడిచిన ఆ పాత కర్మాగారం స్థలంలో సహజవాయువుతో నడిచే కొత్తది కట్టి, 2021లో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టారు. ఇరవై రెండేళ్ల తరువాత! బోధన్ ఫ్యాక్టరీ పునరుద్ధరణ కోసం 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. మళ్లీ తెరిచే రోజు వస్తే నీళ్లున్నాయి, భూములున్నాయి, ఈసారి రైలు ముందే ఉంది. ఇక కావలసింది చెరకు వేయడానికి రైతుకు ధైర్యం. గిట్టుబాటు ధర, వేళకు డబ్బు ఇస్తామన్న మాట నిలబడితేనే ఆ ధైర్యం వస్తుంది. కొట్టిన చెరకు ఎండిపోయి నష్టపోయిన ఇల్లు మళ్లీ చెరకు నాటడానికి వెనకాడుతుంది. అది సహజం.

చివరగా ఒక విన్నపం. బోధన్ నుంచి బీదర్‌కు లైను వేయాలని మన ప్రాంతం వాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. నేనూ ఆ కోరికలో భాగస్వామినే. ఆ లైను గాని, ఇంకే రోడ్డు, కాలువ గాని వచ్చిన రోజు మళ్లీ గ్రామాల్లో నోటీసులు పడతాయి. నోటీసు చదవడం రాని రైతులు, చదివినా అందులోని భాష అర్థం కాని రైతులు ఈనాటికీ ఉన్నారు. ఆ భాష మనకు వచ్చు. ముప్పై ఐదేళ్లు అదే రాసి బతికిన వాళ్లం. ఇప్పుడు మన మీద గడువు లేదు, పై అధికారి లేడు, వార్షిక రహస్య నివేదిక లేదు. మన సంఘ కార్యాలయంలో వారానికి ఒక పూట, రెవెన్యూ, సర్వే, రిజిస్ట్రేషన్ శాఖల్లో పనిచేసిన ముగ్గురు నలుగురం కూర్చుని, వచ్చిన వారి కాగితాలు చదివి వివరంగా చెప్పే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. రుసుము వద్దు, ఫోటోలు వద్దు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఫ్యాను చాలు. మొదటి పూట కూర్చునే బాధ్యత నాది.

పోయేవారు పోగా మిగిలిన మనకు రైలు టిక్కెట్టు రాయితీ కూడా 2020 మార్చి నుంచి ఆగిపోయింది, దాని గురించి మన సంఘం వినతులు పంపుతూనే ఉండాలి. ఆ విషయం వేరే వక్తలు చెబుతారు కనుక నేను విస్తరించను.

 ఆ బల్ల ఎక్కడ వేయాలో సభ ముగిసిన తరువాత కార్యదర్శి గారితో కలిసి చూస్తాను. ఆసక్తి ఉన్నవారు వెళ్లే ముందు పేర్లు ఇవ్వగలరు.